సున్నాలో ఇరవై శాతం ఎంత?

2020 మే 13న కేంద్ర ఆర్థిక మంత్రి చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్ల రూపాయల రుణం ఇప్పిస్తామని, ఆస్తి తనఖా పెట్టనక్కర్లేదని, పూచీ ప్రభుత్వానిదేనని ప్రకటించారు. కరోనా లాక్ డౌన్ మొదలై అప్పటికి యాభై రోజులు. పత్రికల్లో పండితులు రెండు జట్లుగా విడిపోయి మాట్లాడారు. ఒక జట్టు ఇది సాహసం అన్నది. ఇంకో జట్టు ఇదంతా అప్పే గదా, ఖజానా నుంచి తీసి ఇచ్చిందేముంది అన్నది. రెండో జట్టు చెప్పింది చాలావరకు నిజమే. అయితే ఇద్దరూ పెద్దగా పట్టించుకోని ప్రశ్న ఒకటుంది. అప్పు ఎవరికి పుడుతుంది?

అప్పు 'పుట్టడం' అనే మాట మన జనం వాడేదే. ఎంత తిరిగినా అప్పు పుట్టలేదంటారు. ఊళ్లో ఒకడికి నోటి మాట మీద లక్ష పుడుతుంది, వాడలో ఇంకొకడికి పుస్తెలు తాకట్టు పెట్టినా పదివేలు పుట్టదు. ఈ సంగతి మాలపల్లెలో, మాదిగవాడలో పదేళ్ల పిల్లవాడికీ తెలుసు. ఢిల్లీలో కూర్చుని పథకం రాసినవాళ్లకు తెలియదని అనుకోలేం. తెలిసి రాశారో, తెలియాల్సిన అవసరం లేదనుకుని రాశారో గానీ, ఆ పథకం మొత్తం అప్పు ఇదివరకే పుట్టినవాడి చుట్టూ అల్లుకుంది.

దాని పేరు అత్యవసర రుణ హామీ పథకం. బ్యాంకుల్లో ఇ.సి.ఎల్.జి.ఎస్. అంటారు. మన విమర్శకులు కథనీ కవితనీ మాట మాటా పట్టుకుని చదువుతారే, అట్లా చదవాల్సింది ఈ నిబంధనల్ని. 2020 ఫిబ్రవరి 29 నాటికి నీకు బ్యాంకులోనో ఫైనాన్స్ కంపెనీలోనో బాకీ ఉండాలి. ఆ బాకీ 25 కోట్లకూ, నీ ఏడాది టర్నోవరు 100 కోట్లకూ మించకూడదు. ఆ తేదీకి నువ్వు వాయిదా తప్పి 60 రోజులు దాటి ఉండకూడదు. ఇవన్నీ సరిపోతే ఆ బాకీలో 20 శాతం దాకా కొత్త అప్పు దొరుకుతుంది. నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది అసలు కట్టనక్కర్లేదు. వడ్డీ బ్యాంకుల్లో 9.25 శాతం, ఫైనాన్స్ కంపెనీల్లో 14 శాతం దాటకూడదు. నువ్వు వెళ్లి అడగాల్సిన పని కూడా లేదు. బ్యాంకే ముందుగా మంజూరు చేసి కబురు పంపుతుంది. అక్కర్లేకపోతే వద్దని చెప్పాలి.

దరఖాస్తు పెట్టకుండా, కాళ్లు పట్టుకోకుండా, బ్యాంకే కబురు పంపే లోను! మన బస్తీల్లో ఈ మాట చెప్తే నవ్వుతారు. నవ్వడానికి కారణం ఆ మొదటి షరతులోనే ఉంది. బాకీ ఉండాలి. ఎంత నష్టం వచ్చింది, ఎన్ని రోజులు షట్టరు మూసి ఉంది, సరుకు ఎంత పాడైంది, ఎంతమంది పనివాళ్లను పంపెయ్యాల్సి వచ్చింది అని ప్రభుత్వం అడగలేదు. ఒక్కటే అడిగింది, బ్యాంకుకి నువ్వెంత బాకీ అని. అవసరాన్ని కొలిచే గజంబద్ద అదే అయింది.

ఇక లెక్క వెయ్యండి. 25 కోట్ల బాకీ ఉన్న యజమానికి 5 కోట్ల దాకా వస్తుంది. ముద్ర పథకం కింద శిశు రుణం 50 వేలు తీసుకున్నవాడికి, అది మొత్తం బాకీ ఉన్నా, 10 వేలు. గిరిగిరి వడ్డీకి తెచ్చి బండి నడిపినవాడికి, చిట్టీ పాడి మిషను కొన్నవాడికి, పెద్దరైతు దగ్గర నోటు రాసిచ్చి షెడ్డు వేసుకున్నవాడికి బాకీ ఉన్నది, మెడ దాకా ఉన్నది, కానీ బ్యాంకు పుస్తకంలో సున్నా. సున్నాలో ఇరవై శాతం సున్నాయే. కులం అనే అక్షరం రాయకుండానే కులం పని చేసే తీరు ఇట్లా ఉంటుంది.

కులం ఎక్కడుంది, ఇది పేదరికం సంగతి గదా అనే మిత్రులకు ప్రభుత్వ లెక్కలే చూపించాలి. 2015-16లో జాతీయ నమూనా సర్వే 73వ విడతలో తేలిన అంకెల్ని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ ఏటా తన నివేదికలో అచ్చువేస్తూ వచ్చింది. దేశంలో ఇట్లాంటి సంస్థలు దాదాపు 6 కోట్ల 34 లక్షలు. అందులో 6 కోట్ల 30 లక్షలు సూక్ష్మ సంస్థలే, అంటే తోపుడుబండి నుంచి ఇద్దరు ముగ్గురు పని చేసే షెడ్డు దాకా. సూక్ష్మ సంస్థల యజమానుల్లో షెడ్యూల్డు కులాల వాటా 12.48 శాతం. ఒక మెట్టు ఎక్కి చిన్న పరిశ్రమల్లోకి పోతే 5.50. ఇంకో మెట్టు ఎక్కి మధ్యతరహా పరిశ్రమల్లోకి పోతే 0.00. అచ్చుతప్పు కాదు, ప్రభుత్వమే రెండు దశాంశాల దాకా లెక్కగట్టి వేసిన సున్నా. అదే మెట్టు మీద ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కానివాళ్ల వాటా 70 శాతం పైన. పేదరికం ఒక్కటే అయితే మెట్టు ఎక్కేకొద్దీ అన్ని కులాలూ ఒకే తీరున పలచబడాలి గదా. ఇక్కడ ఒకరు పలచబడి మాయమైపోతున్నారు, ఇంకొకరు చిక్కబడుతున్నారు. 2005 ఆర్థిక గణన మీద లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, ఆశుతోష్ వర్షనే చేసిన పరిశీలనలో కూడా జనాభాలో 16.4 శాతం ఉన్న ఎస్సీల చేతిలో ఉన్న సంస్థలు 9.8 శాతమే అని తేలింది.

వ్యాపారానికి పెట్టుబడి ఎంత ముఖ్యమో నమ్మకం అంత ముఖ్యం అంటారు. ఆ నమ్మకం ఎవరి మీద కలుగుతుంది? అంబేడ్కర్ కొలంబియాలో, లండన్లో అర్థశాస్త్రం చదివి బొంబాయి వచ్చాక షేర్ల విషయంలో సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టాడు. ఆయన అంటరానివాడని తెలిశాక వచ్చే వాళ్లు రావడం మానేశారు, సంస్థ మూతపడింది. తర్వాత కొద్ది ఏళ్లకు, 1923లో, రూపాయి సమస్య మీద పుస్తకం రాసినవాడు ఆయనే. రూపాయి గురించి దేశానికి చెప్పగలిగినవాడి దగ్గర రూపాయి సలహా తీసుకోవడానికి జనం రాలేదు. బ్యాంకు మేనేజరు కులం అడగడు, నిజమే. అడ్రసు అడుగుతాడు, ఇల్లు సొంతమా అద్దెదా అడుగుతాడు, ష్యూరిటీ ఎవరు అడుగుతాడు, ఎవరు పరిచయం చేశారు అడుగుతాడు. ఈ నాలుగూ అడిగాక ఐదో ప్రశ్న అక్కర్లేదు.

ఈ సంగతి బాగా తెలియాలంటే ఆగ్రా చెప్పుల పరిశ్రమను చూడాలి. అక్కడ బూట్లు తయారు చేసేవాళ్లు ఎక్కువగా జాటవులు, అంటే మన మాదిగల్లాగే తోలుపనితో ముడిపడిన దళిత కులం. బూట్లు కొని దేశమంతా పంపే టోకు వ్యాపారుల్లో చాలామంది వేరే కులాలవాళ్లు, దేశ విభజన తర్వాత వచ్చి స్థిరపడ్డ పంజాబీలు అందులో ముఖ్యులు. పీటర్ నోరింగా అనే పరిశోధకుడు 1990లలో ఆ మార్కెట్ను దగ్గరగా పరిశీలించి రాశాడు. జాటవు కార్మికుడు ఇంట్లోనే నలుగురిని పెట్టుకుని బూట్లు కుట్టి, గంపలో పెట్టుకుని హీంగ్ కీ మండీకి తీసుకెళ్తాడు. వ్యాపారి డబ్బు చేతిలో పెట్టడు, పర్చీ అనే చీటీ రాసిస్తాడు. రెండు మూడు నెలల తర్వాత చెల్లుతుంది. ఈలోగా తోలు కొనాలి, పనివాళ్లకు కూలి ఇవ్వాలి, పిల్లలు తినాలి. కాబట్టి ఆ చీటీని అక్కడే ఉండే దళారికి తగ్గింపు ధరకు అమ్ముకుంటాడు.

ఇక్కడ అప్పు ఇస్తున్నది ఎవరు, తీసుకుంటున్నది ఎవరు? మామూలు మాటల్లో జాటవు కార్మికుడు అప్పులపాలైనవాడు. అసలు లెక్కలో ఆయనే వ్యాపారికి అప్పు ఇస్తున్నాడు. తన సరుకు రెండు మూడు నెలలు ఊరికే వాడుకోనిచ్చి, ఆ అప్పుకు వడ్డీ కూడా తానే చీటీ తగ్గింపు రూపంలో కడుతున్నాడు. వ్యాపారికి ఇటు కార్మికుడి దగ్గర నుంచి వడ్డీ లేని అరువు, అటు బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా. రోగం వచ్చి మండీ మూతపడ్డ రోజున ఇట్లాంటి ఏర్పాటులో ఎవరి చేతిలో ఏముంటుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒకరి చేతిలో బ్యాంకు బాకీ, దాని మీద 20 శాతం కొత్త రుణం తీసుకునే హక్కు. ఇంకొకరి చేతిలో చెల్లని చీటీ. చీటీని ఏ పథకమూ ఆస్తిగా గుర్తించలేదు, బాకీగానూ గుర్తించలేదు. ఆగ్రా పేరు తీసేసి మన దగ్గర చర్మకారుల్ని పెట్టినా, మిషను కుట్టే ఇళ్లను పెట్టినా, గంపగుత్త పని చేసే ఎవరిని పెట్టినా లెక్క పెద్దగా మారదు.

అప్పు ఇవ్వడం ఒకటైతే, ఉన్న అప్పుకి ఊపిరి తీసుకోనివ్వడం ఇంకొకటి. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలలు వాయిదాలు కట్టనక్కర్లేదని వెసులుబాటు ఇచ్చింది, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. ఆ ఆరు నెలల వడ్డీ మీద వడ్డీ వేయడం అన్యాయమని కొందరు సుప్రీంకోర్టుకి వెళ్తే, ప్రభుత్వం 2 కోట్ల రూపాయల లోపు రుణాలకు ఆ భారాన్ని తానే భరించింది. మంచిదే. కానీ రిజర్వు బ్యాంకు మాట చెల్లేది దాని కింద ఉన్న సంస్థల మీదే. పొద్దున్నే బండి దగ్గరికి వచ్చి వందో రెండు వందలో వసూలు చేసే డైలీ ఫైనాన్స్ వాడికి రిజర్వు బ్యాంకు సర్క్యులరు అందదు. 2 కోట్లు అప్పున్నవాడు వడ్డీ మీద వడ్డీ గురించి సుప్రీంకోర్టు దాకా పోగలడు. నూటికి పది రూపాయల వడ్డీ కట్టేవాడికి పోవడానికి ఏ కోర్టూ లేదు.

రోగం ముదిరిన కొద్దీ పథకం ఎటు పెరిగింది? ఇది ఆసక్తికరమైన సంగతి. కిందికి పెరగాల్సింది పైకి పెరిగింది. 2020 ఆగస్టులో 25 కోట్ల బాకీ పరిమితిని 50 కోట్లు చేశారు, 100 కోట్ల టర్నోవరు పరిమితిని 250 కోట్లు చేశారు. నవంబరులో కష్టాల్లో ఉన్న 26 రంగాలకని చెప్పి, 50 కోట్లు దాటి 500 కోట్ల దాకా బాకీ ఉన్నవాళ్లను కూడా తెచ్చారు. 2021 మార్చిలో హోటళ్లు, ప్రయాణాల రంగాలకు 20 శాతాన్ని 40 చేశారు. 2022 అక్టోబరుకు వచ్చేసరికి ఒక విమాన కంపెనీ ఈ పథకం కింద 1,500 కోట్ల రూపాయల దాకా తీసుకోవచ్చని నిబంధన మార్చారు. మొత్తం పరిమితి 3 లక్షల కోట్ల నుంచి 4.5, దాని నుంచి 5 లక్షల కోట్లు అయింది. చిన్న పరిశ్రమల పేరుతో మొదలైన పథకం రెండేళ్లలో విమానం ఎక్కింది.

చిన్న పరిశ్రమ అనే మాటకు అర్థం కూడా ఈ మధ్యలోనే మార్చారు. 2020 జూలై 1 నుంచి 50 కోట్ల పెట్టుబడి, 250 కోట్ల టర్నోవరు దాకా ఉన్నదంతా ఈ గొడుగు కిందికే వచ్చింది. గొడుగు పెద్దదయితే మంచిదే గదా అంటారు. పొడుగ్గా ఉన్నవాళ్లు మధ్యలో నిలబడితే పొట్టివాళ్లు అంచున తడుస్తారు.

కిందివాళ్లకు ఏమీ చెయ్యలేదని నేననను. 2020 జూన్ 1న వీధి వ్యాపారుల కోసం పి.ఎం. స్వనిధి పథకం వచ్చింది. 2020 మార్చి 24 నాటికి పట్టణాల్లో వీధిలో అమ్ముకుంటున్నవాళ్లకు తనఖా లేకుండా 10 వేల రూపాయల రుణం, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ, అది తీర్చినవాళ్లకు 20 వేలు, తర్వాత 50 వేలు. బండి మీద అమ్ముకునేవాడు కూడా వ్యాపారే అని కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుని బ్యాంకుకి పంపడం చిన్న విషయం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం కాగితం మీద మిగిలిపోయిన మునిసిపాలిటీల్లో ఈ రుణం కోసమైనా సర్వేలు, గుర్తింపు పత్రాలు కదిలాయి. 2023లో స్టేట్ బ్యాంకు పరిశోధన విభాగం వేసిన లెక్క ప్రకారం రుణం పొందినవాళ్లలో ఓబీసీలు 44 శాతం, ఎస్సీ ఎస్టీలు 22 శాతం. 10 వేల రూపాయల గుమ్మం దగ్గర మన కులం లెక్కకు వచ్చింది చూడండి. అక్కడ మన వాటా జనాభా వాటాకు దగ్గరగా ఉంది. 1,500 కోట్ల గుమ్మం దగ్గర ఆ లెక్క ఎవరూ అడగరు.

స్వనిధిలో ఉన్న అసలు తప్పు రుణం చిన్నదవడం కాదు. పోయిన సరుకు, తిన్న పెట్టుబడి, కట్టిన అద్దె, ఇవి నష్టాలు. నష్టానికి అప్పు ఇస్తే నష్టం తీరదు, వాయిదా పడుతుంది. లాక్ డౌన్ పెట్టింది ప్రభుత్వం. రోడ్డు మీద బండి పెట్టొద్దన్నది ప్రభుత్వం. దానివల్ల పోయిన దానికి పరిహారం ఇవ్వాలా, అప్పు ఇవ్వాలా? ఆశ్వినీ దేశ్‌పాండే, రాజేష్ రామచంద్రన్ లెక్కగట్టిన దాని ప్రకారం 2020 ఏప్రిల్లో పనిలో ఉన్నవాళ్ల శాతం అగ్రకులాల్లో 7 పాయింట్లు పడిపోతే, ఎస్సీల్లో 20 పాయింట్లు పడిపోయింది. మూడింతలు. ఆ పడిపోయినవాళ్లే మన బండి దగ్గర టీ తాగేవాళ్లు, చెప్పు కుట్టించుకునేవాళ్లు, పాత బట్టలు కొనేవాళ్లు. కొనేవాడి జేబు ఖాళీ అయ్యాక అమ్మేవాడికి అప్పు ఇస్తే ఆ సరుకు ఎవరికి అమ్ముతాడు?

ప్రభుత్వం తరఫున ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటవెయ్యకూడదు. అత్యవసరంలో వేగం ముఖ్యం. బ్యాంకులో ఇప్పటికే ఖాతా, చరిత్ర ఉన్నవాళ్లకు రోజుల్లో డబ్బు చేర్చొచ్చు. లేనివాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ పోవడానికి నెలలు పడుతుంది, ఈలోగా అందరూ మునిగిపోతారు. వినడానికి బాగుంది. కానీ అదే 2020 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఇదే ప్రభుత్వం ఇవే బ్యాంకుల ద్వారా దాదాపు 20 కోట్ల మంది స్త్రీల జన్ ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున వేసింది. ఖాతాలు ఉన్నాయి, దారి ఉంది, వేగం ఉంది. ఆ దారిలో 500 పోయింది, 50 వేలు పోలేదు. పేదవాళ్లను బతికుంచడానికి సహాయం, వ్యాపారాన్ని బతికుంచడానికి రుణం అని రెండు అరలు చేసి పెట్టుకున్నారు. దళితుడు మొదటి అరలోనే గుర్తొస్తాడు. ఆకలి గలవాడిగా తెలుసు, పెట్టుబడి గలవాడిగా తెలియదు.

మన రాష్ట్రాలు ఏం చేశాయి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మే నెలలో చిన్న పరిశ్రమలకు రీస్టార్ట్ పేరుతో 1,110 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో 905 కోట్లు గత ప్రభుత్వ కాలం నుంచీ ఇవ్వకుండా పెండింగు పెట్టిన పాత రాయితీల బకాయిలే. ఇవ్వాల్సిన బాకీ ఇవ్వడాన్ని సహాయం అన్నారు. పాత రాయితీ ఎవరికి రావాలి? అప్పటికే పరిశ్రమ పెట్టి, రిజిస్టరు చేయించి, అర్జీ పెట్టుకున్నవాడికి. మళ్లీ అదే గజంబద్ద. దాంతోపాటు ప్రభుత్వ కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ ఎస్టీల నుంచి కొంటామన్నారు. ఆ 4 శాతం కొత్తదేమీ కాదు, 2012 నుంచి కేంద్రం విధానంలో ఉన్నదే. అమల్లోకి వచ్చిన మొదటి పదేళ్లలో కేంద్ర శాఖలు, కంపెనీలు అన్నీ కలిసి ఒక్క ఏడాది కూడా 4 శాతానికి చేరుకోలేదు.

అదే ప్రభుత్వం 2020 జూన్ 10న జగనన్న చేదోడు మొదలుపెట్టింది. షాపులున్న రజకులు, నాయీబ్రాహ్మణులు, దర్జీలు మొత్తం 2,47,040 మందికి ఒక్కొక్కరికి 10 వేలు, తిరిగి కట్టనక్కర్లేని డబ్బు. అప్పు కాకుండా సహాయం ఇవ్వడం సాధ్యమేనని, కులవృత్తుల్ని వ్యాపారాలుగా గుర్తించడం సాధ్యమేనని ఈ పథకం చూపింది. ఆ కులాలకు అందినందుకు మనకు కడుపుమంట ఉండక్కర్లేదు, వాళ్లకు అందింది తక్కువే. కానీ రోడ్డు పక్కన చెట్టు కింద ఆరె, రంపె పెట్టుకుని కూర్చున్న చెప్పులు కుట్టేవాడు ఆ జాబితాలో ఎందుకు లేడు? చర్మకారులకు పింఛను ఉంది గదా అన్నారు. పింఛను ఉంది. మంగలి షాపుని వ్యాపారంగా చూసిన చూపే చెప్పులు కుట్టేవాడిని ముసలితనంగా చూసింది. ఇక వీధి వ్యాపారులకు అదే ఏడాది నవంబరులో వచ్చిన జగనన్న తోడు మళ్లీ 10 వేల అప్పు, వడ్డీ మాత్రం లేదు. షాపు ఉన్నవాడికి చేదోడు, షాపు లేనివాడికి అప్పు. పేర్లు రెండూ తోబుట్టువుల్లా ఉన్నాయి గానీ నడిచే దారులు వేరు.

తెలంగాణలో 2021 ఆగస్టులో, రెండో విడత కరోనా తగ్గుముఖం పట్టాక, హుజూరాబాద్ ఉప ఎన్నిక ముంగిట దళిత బంధు వచ్చింది. అది కరోనా సహాయం కాదు, దాన్ని అట్లా చెప్పడం సరికాదు. అయినా ఇక్కడ దాని ప్రస్తావన తప్పదు. ఎందుకంటే ఇ.సి.ఎల్.జి.ఎస్. తర్కాన్ని అది తలకిందులు చేసింది. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు లేదు, తనఖా లేదు, తిరిగి కట్టే పని లేదు. పాత బాకీ ఎంత అని కాకుండా ఏం చేస్తావు అని అడిగింది. దానిలోని జబ్బులు మనకు తెలుసు. ఎంపిక ఎమ్మెల్యేల చేతిలో పెట్టారు, కొందరు ఎమ్మెల్యేలు వాటాలు తీసుకుంటున్నారని 2023 ఏప్రిల్లో సాక్షాత్తూ ముఖ్యమంత్రే తన పార్టీ సమావేశంలో హెచ్చరించాల్సి వచ్చింది. ఒకే ఊళ్లో అందరికీ కార్లు, ట్రాక్టర్లు కొనిపిస్తే కిరాయి ఎవరిస్తారో ఆలోచించలేదు. అదే ఏడాది చివర ప్రభుత్వం మారాక పథకం ఆగిపోయింది. నాయకుడి దయతో వచ్చింది నాయకుడితోనే పోయింది. 1,500 కోట్ల రుణాన్ని ఎవరూ దయ అనలేదు. అది రూల్సులో ఉంది.

ఈ ప్రశ్న అడగడంలో మనవాళ్ల మధ్య కూడా తడబాటు ఉంది. వామపక్ష మిత్రులు కూలీల సంగతి వదిలేసి వ్యాపారుల సంగతి ఎందుకు అంటారు. 2005లో పుణెలో పుట్టిన దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ వైపువాళ్లు కోటీశ్వరుల్ని చూపించి పెట్టుబడిలోనే విముక్తి ఉందంటారు. దళిత కోటీశ్వరుల ముచ్చటను 2012లోనే గోపాల్ గురు గట్టిగా విమర్శించాడు, ఆ విమర్శతో నాకు చాలావరకు ఏకీభావం ఉంది. కానీ ఆ రెండు వైపుల మధ్య ఉన్న 79 లక్షల మంది సంగతేమిటి? సూక్ష్మ సంస్థల్లో 12.48 శాతం అంటే సుమారు అంతమంది. వాళ్లు కోటీశ్వరులు కాదు, పూర్తిగా కూలీలూ కాదు. పొద్దున యజమాని, సాయంత్రం కూలీ. కార్మిక సంఘం వాళ్లను చేర్చుకోదు, పారిశ్రామిక సంఘం గుర్తించదు, బ్యాంకు చూడదు. వాళ్ల గురించి మాట్లాడటాన్ని పెట్టుబడిదారీ మోజు అనడం వాడకట్టు తెలియనివాళ్ల మాట.

ఇదంతా ఒక్క మన దేశపు జబ్బే అనుకోనక్కర్లేదు. అమెరికాలో 2020 మార్చి చివర వచ్చిన జీతాల రక్షణ పథకం కూడా బ్యాంకుల ద్వారానే నడిచింది. బ్యాంకులు ముందు తమ పాత ఖాతాదారుల్నే చూసుకున్నాయి, మొదటి విడత 349 బిలియన్ డాలర్లు రెండు వారాల్లో అయిపోయాయి. జీతాల లెక్క మీద డబ్బు ఇచ్చారు గనక పనివాళ్లు లేకుండా ఒంటరిగా వ్యాపారం చేసుకునే నల్లజాతివాళ్లు, అక్కడ వాళ్లే ఎక్కువ, వెనక్కి పోయారు. రాబర్ట్ ఫెయిర్లీ లెక్క ప్రకారం 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వ్యాపారం నడుపుతున్న నల్లజాతివాళ్ల సంఖ్య 41 శాతం పడిపోయింది, తెల్లవాళ్లలో 17 శాతం. మనకూ వాళ్లకూ రెండు తేడాలున్నాయి. నిబంధనల ప్రకారం ఖర్చు చేస్తే అక్కడ ఆ అప్పు మాఫీ అయింది, ఇక్కడ కాలేదు. అక్కడ జాతిని బట్టి లెక్క ఉంది గనక నెలల్లోనే విమర్శ పుట్టింది, 2021 ఫిబ్రవరిలో 20 మంది లోపు పనివాళ్లున్న సంస్థలకు మాత్రమే రెండు వారాలు విడిగా కేటాయించి, ఒంటరి వ్యాపారుల లెక్క కట్టే పద్ధతి కూడా మార్చారు. అన్యాయం పోలేదు, కానీ నిబంధన కదిలింది.

మన దగ్గర ఇ.సి.ఎల్.జి.ఎస్. కింద 2023 మార్చి 31 నాటికి 1.19 కోట్ల ఖాతాలకు 3.68 లక్షల కోట్ల మేర హామీలు ఇచ్చారు. రెండు లెక్కల పునాదులు వేరు గనక సరిగ్గా పోల్చలేం గానీ, 6 కోట్ల 34 లక్షల సంస్థల పక్కన పెడితే ఐదింట ఒక వంతు కూడా కాదు. ఈ హామీల్లో ఎస్సీ ఎస్టీలకు విడిగా వాటా ఏదీ నిబంధనల్లో లేదు. వాటా పెట్టనిచోట వాటా ఎంత దక్కిందని చెప్పాల్సిన బాధ్యత కూడా ఉండదు. చెప్పడం కష్టమా అంటే కాదు. 2020 జూలై నుంచి సంస్థలు నమోదు చేసుకునే ఉద్యమ్ ఫారంలో యజమాని సామాజిక వర్గం ఏదని అడిగే గడి ఉంది. నింపేది మనం, చదివేవాళ్లు లేరు.

2024 జూలై బడ్జెట్లో కష్టకాలంలో చిన్న పరిశ్రమలకు బ్యాంకు రుణం ఆగకుండా చూసే కొత్త ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. తమ చేతిలో లేని కారణాల వల్ల వాయిదా తప్పుతున్న ఖాతాలకు ప్రభుత్వ నిధి హామీతో రుణం కొనసాగించడం దాని ఉద్దేశం. మళ్లీ ఖాతా ఉన్నవాడే. 2025 ఆగస్టులో స్వనిధిని 2030 దాకా పొడిగించి మొదటి రుణం 15 వేలు, రెండోది 25 వేలు చేశారు. మళ్లీ అప్పే. ఇంకో రోగం ఎప్పుడొస్తుందో తెలియదు గానీ దానికి వాడబోయే నిబంధనలు ఇప్పుడే రాస్తున్నారు. విద్యార్థులు, ఉద్యమకారులు ఆ ముసాయిదాల మీద అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వం ఆదేశించి మూయించిన రోజులకు చిన్నవాళ్లకు అప్పు బదులు పరిహారం ఇవ్వాలి. సహాయాన్ని బాకీ మీద కాకుండా ఆగిపోయిన అమ్మకాల మీద, కట్టిన అద్దె మీద, పనిలో ఉన్న మనుషుల మీద లెక్కగట్టాలి. ఏ హామీ పథకమైనా ఉద్యమ్ ఫారంలో ఉన్న ఆ గడి ప్రకారం జిల్లాలవారీగా లెక్క మూడు నెలలకోసారి బయటపెట్టాలి. ఆగ్రా పర్చీ లాంటి చీటీల్ని, డైలీ ఫైనాన్స్ కార్డుల్ని వ్యాపారం నడుస్తున్నదనడానికి రుజువుగా తీసుకోవాలి. వడ్డీవ్యాపారి వాటిని ఎప్పటినుంచో రుజువుగానే తీసుకుంటున్నాడు.